బోరు రీఛార్జ్ కిట్ రివ్యూ: జాలి గట్టిదే, బురదను మాత్రం ఆపదు

డాబా మీద పడ్డ వాన నీటిని వడగట్టి నేరుగా బోరులోకి దింపే రెడీమేడ్ కిట్లు రకరకాల పేర్లతో వస్తున్నాయి. మూత రంగు, లేబుల్ మారినా లోపల సరుకు దాదాపు ఒకటే. అందుకే ఇక్కడ ఏ ఒక్క బ్రాండునూ తీసుకోకుండా ఆ రకం మొత్తాన్నీ చూస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తే, శుభ్రంగా ఉండే సిమెంటు డాబా, నీటిని బాగా గుంజుకునే బోరు, వానాకాలంలో వారం వారం జాలి కడిగే ఓపిక ఉంటే కొనొచ్చు. వాకిలి నీళ్లో, రోడ్డు నీళ్లో, చేను గట్టు దాటి వచ్చే ఎర్ర నీళ్లో దింపాలని కొంటే ఉన్న బోరును చేతులారా పూడ్చుకున్నట్టే. ఈ తేడా పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు.

పెట్టెలో ఏముంటుంది

ప్రధానమైనది అడుగు నుంచి అడుగున్నర పొడవుండే గొట్టం. దాని లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ వి-వైర్ జాలి ఉంటుంది. సాధారణ వలలా అల్లినది కాదిది. త్రికోణపు తీగలను పక్కపక్కనే సన్నని సందు వదిలి వెల్డ్ చేస్తారు. సందు నీరు వచ్చే వైపు ఇరుకుగా, అవతలి వైపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి లోపల దూరిన ఇసుక రేణువు మధ్యలో ఇరుక్కోదు. కిట్‌లో నిజంగా మెచ్చుకోదగ్గ భాగం ఇదే. 304 గ్రేడు స్టీల్ అయితే ఏళ్ల తరబడి ఉంటుంది. చవక రకాల్లో అల్లిక వల పెట్టి ప్లాస్టిక్ చట్రంతో సరిపెడతారు, ఎండకు ఆ చట్రం పెళుసెక్కి చిట్లుతుంది. కొనేటప్పుడు జాలిని బయటకు లాగి చూడండి. స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తోనే రావాలి. రాకపోతే దాన్ని ఎవరూ కడగరు.

జాలితో పాటు తొలివాన నీటిని పక్కకు మళ్లించే గొట్టం, ఒక బొగ్గు సంచి, క్లాంపులు, కొన్నిట్లో బోరు మూతకు బిగించే అడాప్టర్ వస్తాయి. బొగ్గు సంచి సంగతి ఒక్క మాటలో తేల్చేయొచ్చు: పక్కన పెట్టేయండి. బొగ్గు పనిచేయాలంటే నీరు దానితో కొన్ని నిమిషాలు తాకుతూ ఉండాలి, సెకనుకు లీటరు చొప్పున దూసుకుపోయే నీటికి ఆ తీరికెక్కడిది? పైగా నాలుగు వానలకే ఆ సంచి నాచు పట్టి నీటికి అడ్డం పడుతుంది.

తొలివాన గొట్టం దగ్గర లెక్క వేయాల్సిందే. వర్షం లేని నెలల్లో డాబా మీద పేరుకున్న దుమ్ము, పక్షుల రెట్టలు, ఆకుల పొడి మొదటి 1–2 మి.మీ. వానతో కొట్టుకొస్తాయి. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 100 లీటర్లు. అంటే పక్కకు మళ్లించాల్సిన నీరు 100 నుంచి 200 లీటర్లు. కిట్‌లో ఇచ్చే 110 మి.మీ. గొట్టం ముక్కలో మీటరుకు పట్టేది సుమారు ఎనిమిదిన్నర లీటర్లు. మీటరు ముక్క ఇస్తే అది తీసుకునేది పదో వంతు మిల్లీమీటరు వాన కూడా కాదు. పేరుకు ఉందంతే. దాని స్థానంలో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున 3 మి.మీ. రంధ్రం వేయండి. వాన ఆగాక అదే నెమ్మదిగా ఖాళీ అయి తర్వాతి వానకు సిద్ధంగా ఉంటుంది. ఆ రంధ్రం ఆకుల పీచుతో మూసుకుపోతూ ఉంటుంది, పక్కనే చేతికందేలా ఒక కుళాయి కూడా ఉంచుకోవాలి.

జాలి ఏం ఆపుతుంది

ఈ కిట్లలో సందు సాధారణంగా 200–250 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే మిల్లీమీటరులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు. ఆకులు, ఈకలు, పురుగులు, సిమెంటు పెచ్చులు, దొడ్డు ఇసుక ఆగుతాయి. ఒండ్రు రేణువు పరిమాణం 2 నుంచి 60 మైక్రాన్ల లోపు, బంకమట్టిది 2 మైక్రాన్ల లోపు. ఇవి ఆ సందులోంచి ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోతాయి. బోరును పూడ్చేవి ఆకులూ ఈకలూ కావు, ఈ రెండే.

పెద్ద వాన తర్వాత జాలి తీసి చూస్తే పైన ఆకు తొడిమలు, నాచు ముక్కలు కనబడతాయి. వేలితో రుద్దితే తీగల మధ్య బూడిద రంగు జిడ్డు తగులుతుంది. అది చూసి మురికంతా పట్టేసిందనిపిస్తుంది. సంగతి తేలాలంటే ఫిల్టర్ దాటి వచ్చిన నీటినే గాజు సీసాలో పట్టి, కదపకుండా ఒక రోజు ఉంచండి. అడుగున పల్చటి పొర తేరుకుంటుంది. పైనున్న నీరు ఇంకా పొగమంచులా మసగ్గా ఉంటే అది బంకమట్టి, మరో మూడు రోజులకీ పూర్తిగా దిగదు. 10 మైక్రాన్ల రేణువు నిలకడ నీటిలో మీటరు దిగడానికి మూడు గంటలు పడితే, 2 మైక్రాన్ల రేణువుకు మూడు రోజులకు పైనే పడుతుంది.

ఆ పల్చటి పొర ఎంతవుతుందో చూద్దాం. ఏటా 500 మి.మీ. వాన పడే చోట 100 చదరపు మీటర్ల డాబా నుంచి, ఆవిరి, తడి పోను 85 శాతం చేతికొస్తుందనుకుంటే, 42,500 లీటర్లు. లీటరుకు 100 మిల్లీగ్రాముల మట్టి ఉందనుకోండి, ఏడాదికి నాలుగు కిలోల పైచిలుకు. ఆరున్నర అంగుళాల బోరు అడుగున పరిస్తే జానెడు కంటే తక్కువ. పంపు నడిపి ఎప్పటికప్పుడు బయటకు లాగేయొచ్చు, పెద్ద బెంగ లేదు. అదే నీరు మట్టి వాకిలి నుంచి వస్తే లీటరుకు 2,000 మిల్లీగ్రాములు ఉండటం వింతేమీ కాదు. అప్పుడు ఏడాదికి 85 కిలోలు, బోరులో సుమారు మూడు మీటర్ల పూడిక. అంతా అడుగుకే చేరితే అదృష్టమే. రాతిలో నీరు నడిచేది చాలాచోట్ల మిల్లీమీటరు వెడల్పు కూడా లేని పగుళ్లలో. మట్టి ముందు అక్కడే దూరి బిగుసుకుంటుంది, ఆ తర్వాత గాలితోనో నీటితోనో ఎంత కడిగి ఫ్లషింగ్ చేసినా మునుపటి ధార రాదు.

పెద్ద ఎత్తున ఈ పని చేసేవాళ్లు బోరులోకి పంపే నీటి విషయంలో ఎంత గట్టిగా ఉంటారో చూస్తే ఈ భయం అతి కాదని తెలుస్తుంది. నమీబియా రాజధాని విండ్‌హుక్ వానలు తక్కువ పడే నగరం. అక్కడ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పగుళ్లలోకి బోర్ల ద్వారా ఎక్కించేది తాగునీటి స్థాయికి శుద్ధి చేసిన నీటిని. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో 2008 నుంచి నడుస్తున్న వ్యవస్థలో శుద్ధి చేసిన మురుగునీరు మైక్రోఫిల్ట్రేషన్ (అతి సన్నని వడపోత), రివర్స్ ఆస్మోసిస్ (ఆర్.ఓ.), అతినీలలోహిత కిరణాలు దాటాకే భూమిలోకి వెళ్తుంది. అక్కడే నది నీటిని మాత్రం బావుల్లోకి దింపరు. ఇసుక నేల చెరువుల్లో నిలిపి ఇంకిస్తారు, అడుగున కట్టిన పొరను ఎండగట్టి గీకి తీస్తారు. మట్టి నీళ్లు పైనుంచి ఇంకాలి, తేట నీళ్లే గొట్టంలో దిగాలి. డాబా కిట్‌కైనా నగరానికైనా ఇదే సూత్రం.

కొనే ముందు బోరును పరీక్షించండి

కిట్ మీద "గంటకు 10,000 లీటర్లు" లాంటి అంకె ఉంటుంది. అది కొత్త జాలి, తేట నీరు ఉన్నప్పటి సంగతి. వానాకాలం మధ్యలో దాన్ని సగానికి సగం తగ్గించి లెక్కేసుకోవాలి. అసలు ఆ అంకె కంటే ముందు తెలియాల్సింది బోరు నిమిషానికి ఎంత గుంజుకుంటుందన్నది.

పంపు లేని బోరైతే పరీక్ష సులువు. నిలకడ నీటిమట్టం కొలవండి. తర్వాత 1,000 లీటర్ల తేట నీటిని ఒకేసారి దింపి, మట్టం నిమిష నిమిషానికీ ఎంత పడిపోతోందో రాసుకోండి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు ఎత్తున పట్టే నీరు 21 లీటర్లు, నాలుగున్నర అంగుళాల బోరులో పది లీటర్ల పైచిలుకు. ఆరున్నర అంగుళాల బోరులో నిమిషానికి మీటరు దిగితే నిమిషానికి 21 లీటర్లు గుంజుకుంటున్నట్టు. చుక్క కూడా ఇంకకపోతే ఆ 1,000 లీటర్లకు మట్టం దాదాపు 47 మీటర్లు లేచి అక్కడే నిలబడుతుంది. మొదటి నిమిషం అంకె చూసి సంబరపడొద్దు, మట్టం పడేకొద్దీ ఒత్తిడి తగ్గి వేగమూ తగ్గుతుంది. పాత మట్టానికి దగ్గరయ్యేదాకా కొలవాలి.

ఇప్పుడు వాన వైపు చూడండి. గంటకు 50 మి.మీ. జోరున కురిస్తే 100 చదరపు మీటర్ల డాబా నుంచి, అదే 85 శాతం లెక్కన, నిమిషానికి 70 లీటర్లు వస్తాయి. బోరు 20 లీటర్లే తీసుకుంటే మిగతా 50 లీటర్లు ఎక్కడికో పోవాలి. గంట పాటు అదే జోరు ఉంటే 3,000 లీటర్లు. ఎండిన ప్రాంతాల్లో వాన తక్కువే గానీ పడ్డప్పుడు కుంభవృష్టిగానే పడుతుంది, కాబట్టి ఏడాది సగటు చూసి కొంటే నష్టపోతారు. అంత నీరు నిలిపే ట్యాంకు మధ్యలో ఉంటే రెండు లాభాలు: నీరు వృథా కాదు, మట్టి కొంత ట్యాంకులోనే తేరుకుంటుంది. తేరుకోవడానికి లోతు కంటే వైశాల్యం ముఖ్యం. ఈ ప్రవాహంలో 50 మైక్రాన్ల రేణువు ఆగడానికి అర చదరపు మీటరు చాలు, 20 మైక్రాన్లది ఆగాలంటే మూడు చదరపు మీటర్లకు పైగా కావాలి. బోరుకు వెళ్లే గొట్టాన్ని ట్యాంకు అడుగు నుంచి కాకుండా జానెడు పైనుంచి తీయాలి.

బోరు నిమిషానికి పది లీటర్లు కూడా తీసుకోకపోతే కిట్ కొనొద్దు. ఎండిపోయిన బోరంటే పనికిరానిదని కూడా అనుకోవద్దు. నీరు దిగిపోయి ఖాళీ అయిన పగుళ్లున్న బోరు కొన్నిసార్లు బ్రహ్మాండంగా గుంజుకుంటుంది. మధ్యలో మట్టి కూలిపోయిందైతే గుంజదు. రెండింటినీ వేరుచేసేది ఈ పరీక్షే.

బిగింపులో చెడేవి

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు నీటిని పైనుంచి అలాగే జారవిడవడం. ముప్ఫై నలభై మీటర్లు పడే నీరు గాలిని లోపలికి ఈడ్చుకెళ్తుంది. ఆ బుడగలు పగుళ్లలో ఇరుక్కుని నీటికే అడ్డం పడతాయి. కేసింగ్ (బోరు పైభాగంలో మట్టి కూలకుండా దింపే గొట్టం) కింద మెత్తని రాయి ఉంటే ధారకు గోడ రాలుతుంది కూడా. 25–40 మి.మీ. గొట్టం ఒకటి నీటిమట్టం కిందిదాకా దింపి, నీరు అందులోంచే వెళ్లేలా చేయాలి. గొట్టం లావైతే సగమే నిండి మళ్లీ గాలి లాగుతుంది, అందుకని సన్నగా ఉండి నిండుగా పారడమే మేలు. నడుస్తున్న బోరులో పంపు గొట్టం, కేబుల్, తాడు పక్కన దీనికి చోటు దొరకడం కష్టం. చాలా కిట్లు ఈ గొట్టం ఇవ్వవు, కనీసం మాట కూడా ఎత్తవు.

రెండోది కేసింగ్‌కు రంధ్రాలు వేయడం. బోరు చుట్టూ గుంత తవ్వి, కేసింగ్‌ను తూట్లు పొడిచి, నైలాన్ వల చుట్టి, రాళ్లు నింపే పద్ధతి ఒకటుంది. కేసింగ్ ఉండేదే పైమట్టి నీరు లోపలికి రాకుండా ఆపడానికి. దానికి తూట్లు పొడిచాక ఆ బోరు నీరు తాగడం మానుకోవాలి. సెప్టిక్ ట్యాంకు 15 మీటర్ల లోపు ఉంటే ఏ పద్ధతీ వద్దు, పగుళ్ల రాయిలో ఆ దూరం కూడా భద్రమని చెప్పలేం.

పొంగుదారి లేకపోవడం మూడోది. జాలి మూసుకుపోయినప్పుడు నీరు వెనక్కి తన్ని డాబా మీదే నిలుస్తుంది. ఫిల్టర్ పైభాగంలో, వచ్చే గొట్టమంతే వెడల్పున్న దారి ఒకటి బయటకు ఉండాలి. జాలికి ముందు ఒక వాల్వు కూడా పెట్టండి. డాబా మీద రంగులు వేసినా, తారు పూత పూసినా, సున్నం కొట్టినా ఆ తర్వాతి రెండు మూడు వానలు బోరుకు పోకుండా ఆపేయాలి. ఆస్‌బెస్టాస్ రేకుల నీటిని, తుప్పు పట్టిన రేకుల నీటిని అసలు దింపొద్దు.

నీటి గుణం సంగతీ ఉంది. వాన నీటిలో ప్రాణవాయువు ఎక్కువ. ఇనుము ఎక్కువున్న భూగర్భ జలంలో కలిస్తే ఇనుము తుప్పు రంగు మడ్డిగా విడిపోయి పగుళ్లకు పూతలా పడుతుంది. ఉప్పు నేలల్లో బంకమట్టి ఉంటే తియ్యని నీరు తగలగానే అది విచ్చుకుని దారులు మూసేస్తుంది. రాతిలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉన్నచోట ఆర్సెనిక్ అనే విషపదార్థం నీటిలోకి వచ్చే ముప్పు ఉంది, ఫ్లోరిడాలో నీటిని బావుల ద్వారా దాచుకునే పథకాల్లో ఇది బయటపడింది. కాబట్టి కిట్ బిగించే ముందొకసారి, వానాకాలం అయ్యాక మరోసారి నీటిని పరీక్ష చేయించాలి. తాగే బోరైతే ఇది తప్పదు.

కిట్ బదులు ఇంకుడు గుంత

ఎర్ర నీళ్లకు, వాకిలి నీళ్లకు సమాధానం ఇదే. వడపోత పని ఇక్కడ గుంత కింద ఉన్న మీటర్ల కొద్దీ మట్టి చేస్తుంది, ఏ జాలీ దానికి సాటి రాదు. మామూలు కొలత ఒకటి రెండు మీటర్ల వెడల్పు, రెండు మూడు మీటర్ల లోతు. అడుగున 5–20 సెం.మీ. రాళ్లు, పైన 5–10 మి.మీ. కంకర, అన్నిటికీ పైన 1.5–2 మి.మీ. దొడ్డు ఇసుక. కంకరకూ పెద్ద రాళ్లకూ మధ్య 20–40 మి.మీ. కంకర పొర ఒకటి వేయించండి. చాలామంది ఇది ఎగ్గొడతారు. అప్పుడు సన్న కంకర రాళ్ల సందుల్లోకి జారి, దాని వెంట ఇసుకా జారి, పైన గొయ్యి పడుతుంది. ఇసుక పైనే ఎందుకంటే పూడిక అక్కడే ఆగుతుంది, పారతో రెండు మూడు అంగుళాలు గీకి కొత్త ఇసుక వేస్తే పనైపోతుంది. పొరలు తలకిందులుగా వేసిన గుంత పూడితే మొత్తం తవ్వి తీయాల్సిందే.

గుంత పరిమాణం చూసి మోసపోవద్దు. రాళ్లు నింపిన గుంతలో నీటికి మిగిలేది 35–40 శాతం ఖాళీయే. ఎనిమిది ఘనపు మీటర్ల గుంతలో పట్టేది మూడు వేల లీటర్లు. నేల బంకమట్టి అయితే ఆ నీరు రోజుల తరబడి అక్కడే ఉంటుంది. అలాంటి చోట గుంత మధ్యలో ఇసుక పొరో, గరుకు మొరమో తగిలేదాకా 150–300 మి.మీ. వెడల్పున్న నిలువు రంధ్రం (షాఫ్టు) దింపి కంకర నింపాలి. నల్లరేగడిలో గుంతను పునాదికి దగ్గరగా తవ్వితే గోడలు బీటలిస్తాయి.

రేటింగ్

సిమెంటు డాబా, పరీక్షలో నెగ్గిన బోరు, మధ్యలో ట్యాంకు ఉంటే 5కి 4. ట్యాంకు లేకుండా 5కి 3. వాకిలి నీళ్లకు 5కి సున్నా.

"బోరు ఇక ఎండదు" అన్న ప్రకటనకు వేరే రేటింగ్ ఇవ్వాలి. పైన లెక్కేసిన 42,500 లీటర్లను గంటకు 5,000 లీటర్లు తోడే పంపు ఎనిమిదిన్నర గంటల్లో ఖాళీ చేస్తుంది. దింపిన నీరు మీ బోరు కిందే కూర్చోదు, పగుళ్ల వెంట పక్కవాళ్ల బోర్లకూ పోతుంది. వీధిలో ఒక్క ఇంటికి కిట్ ఉంటే బోరు మట్టంలో తేడా కనబడకపోవచ్చు. వీధంతా కలిసి చేస్తే, తోడేది కూడా తగ్గిస్తే కనబడుతుంది.

బిగించాక మొదటి వానాకాలంలో వారానికోసారి జాలి కడగాలి, ప్రతి పెద్ద వాన తర్వాత పంపును పది పదిహేను నిమిషాలు నడిపి నీటిని బయటకు వదలాలి. మొదట మసగ్గా వచ్చి తర్వాత తేటపడితే బాగున్నట్టే. పదిహేను నిమిషాలకీ తేటపడకపోయినా, పరీక్షలో నిమిషానికి మీటరు దిగిన మట్టం ఏడాది తిరిగేసరికి అరమీటరే దిగుతున్నా, వాల్వు కట్టేసి నీటిని గుంతకు మళ్లించండి.